80 వేల రూపాయల్లో మొదటి మిర్రర్‌లెస్ కెమెరా: రెండు లెన్సుల కిట్ కొనవచ్చా?

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇది. మీది అంబాజీపేట దగ్గర ఊరు. చేతిలో 80 వేల రూపాయలున్నాయి, దానితో మొదటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా కొనాలనుకుంటున్నారు. ముందు బంధువుల ఇళ్లలో బారసాలలు, ఓణీల పండగలు, పెళ్లిళ్లు తీసి, చేయి తిరిగాక చిన్న చిన్న ఆర్డర్లు ఒప్పుకోవాలని, తీరిక దొరికితే కోరంగి మడ అడవికి వెళ్లి పక్షులను తీయాలని ఉంది. మీ మావయ్యగారు ఇచ్చిన నికాన్ డీ7000, దానితో 50 ఎం.ఎం. ఎఫ్/1.8డీ లెన్స్, ఒక నికాన్ ఫ్లాష్ ఉన్నాయి. షాపులో కెనాన్ ఆర్50 రెండు లెన్సుల కిట్ తీసుకోమన్నారు. అది మంచి నిర్ణయమేనా, సెకండ్ హ్యాండ్ కొనవచ్చా, పాత లెన్స్ కొత్త కెమెరాకు పనికివస్తుందా, చవక కెమెరాలు ఎందుకు తగ్గిపోయాయి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను: రెండు లెన్సుల కిట్ వద్దు. సెకండ్ హ్యాండ్‌కు మీకు అభ్యంతరం లేకపోతే, తక్కువ వాడిన సోనీ ఏ6400 బాడీ (లెన్స్ లేని కెమెరా) ఒక్కటే తీసుకుని, దానికి సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్ కొనండి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుని వెలుగును తీసుకుంటుంది). బేరం ఓపికగా చేస్తే ఈ జత మీ సొమ్ములో పడుతుంది. కొత్తదే కావాలనుకుంటే ఆర్50నే తీసుకోండి, కానీ 18-45 లెన్స్ ఒక్కటే ఉన్న కిట్ తీసుకుని, రెండో లెన్స్ అయిన 55-210కు పెట్టే డబ్బుతో కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 కొనండి. ఏ దారిలో వెళ్లినా, వెలుగును బాగా తీసుకునే ఒక లెన్సుకు బడ్జెట్‌లో తగినంత భాగం దక్కాలి. కచ్చితమైన ధరలు రాయడం లేదు, ఎందుకంటే దసరా, దీపావళి ఆఫర్లకు అవి వారం వారం మారిపోతుంటాయి.

నేను రావులపాలెం ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్నాను. 2019లో మిర్రర్‌లెస్‌కు మారాను. అప్పటినుంచి మా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లు మొదటి కెమెరా కొనే ప్రతిసారీ ఈ చర్చ జరుగుతూనే ఉంది. అందువల్ల కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో శుభకార్యాల ఫోటోగ్రఫీ అంటే ప్రధానంగా చీకటితో పని. ముహూర్తం తెల్లవారుజామున రెండున్నరకో మూడింటికో ఉంటుంది. పందిరిలో ఎల్ఈడీ దీపాలు ఉన్నా, అవి పెళ్లికూతురి ముఖం మీద పడవు. వెనక అలంకరణ మీద పడతాయి. ఇక ఇళ్ల సంగతి చెప్పాలంటే, కోనసీమలో ఇంకా నిలిచి ఉన్న మండువా లోగిళ్లలో బారసాల తీయడాన్ని మించిన పరీక్ష మరొకటి లేదు. నడిమధ్య మండువాలో ఆకాశం నుంచి పడే వెలుగు ఎంతో బాగుంటుంది, కానీ కార్యక్రమం అక్కడ జరగదు. చుట్టూ ఉన్న వసారాలో, దూలం కింద, ఉయ్యాల చుట్టూ ముత్తయిదువులు నిలబడిన చోట జరుగుతుంది. అక్కడికి చేరేది మండువా వెలుగులో కొసరు మాత్రమే. అటువంటి చోట కిట్ లెన్స్‌ను 30 ఎం.ఎం. దగ్గర పెడితే అది సుమారు ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. 30 ఎం.ఎం. ఎఫ్/1.4 లెన్స్ దానికంటే 16 రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి తీసుకుంటుంది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (కెమెరా వెలుగును పెంచి చూపే స్థాయి) 12,800 పెట్టవలసిన చోట ఈ లెన్స్‌తో 800 సరిపోతుంది. 12,800 దగ్గర పట్టుచీర అంచులోని జరీ నాయిస్‌లో (ఫోటో మీద ఇసుకలా కనిపించే చుక్కల్లో) కలిసిపోతుంది, 800 దగ్గర పోగు పోగూ కనిపిస్తుంది. బాడీ మీద మరో ముప్పై వేలు ఎక్కువ పెట్టినా ఇంత తేడా రాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎఫ్/1.4 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. పెళ్లికొడుకు కన్ను స్పష్టంగా ఉండి, పక్కన అర అడుగు వెనక నిలబడ్డ పెళ్లికూతురు మసకగా రావచ్చు. ఇద్దరు ఉంటే ఎఫ్/2.8కు, కుటుంబమంతా నిలబడితే ఎఫ్/4కు, 5.6కు మూసి, ఫ్లాష్ వాడండి. 2.8 దగ్గర కూడా కిట్ లెన్స్ కంటే నాలుగు రెట్లు వెలుగు మీకు మిగిలే ఉంటుంది.

కిట్ లెన్స్‌ను నేను చిన్నచూపు చూడడం లేదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థాన్ని ఒక ఏడాది పూర్తిగా 16-50 కిట్ లెన్స్‌తోనే తీశాను. పగటి ఎండలో ఎఫ్/8 పెట్టి, ప్రభ పూర్తి ఎత్తు పట్టేలా 16 దగ్గర తీసిన చిత్రాలను ఖరీదైన లెన్స్ చిత్రాల పక్కన పెడితే నాకే తేడా వెతకవలసి వచ్చింది. ఆ లెన్స్ బలం పగటి వెలుగులో, వెడల్పులో ఉంది. మీరు అడిగిన పనుల్లో ఎక్కువ భాగం రాత్రి పనులు కాబట్టే అది చాలదంటున్నాను.

ఇప్పుడు ఏ6400 ఎందుకన్నది. 2019 జనవరిలో వచ్చిన ఈ కెమెరా పాతదే, అయినా కంటిని పట్టుకుని వదలని దాని ఫోకస్ పద్ధతి పెళ్లి పనికి ఇప్పటికీ పూర్తిగా సరిపోతుంది. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఉంది, మెకానికల్ షట్టర్ (నిజంగా కదిలే తెర) ఉంది. మామూలు ఫ్లాష్‌ను కెమెరా పైన ఫ్లాష్ బిగించే షూలో పెడితే మధ్య పిన్ను ద్వారా వెలుగుతుంది కాబట్టి మీ మావయ్యగారి నికాన్ ఫ్లాష్ కూడా మాన్యువల్‌లో పనిచేస్తుంది; షట్టర్ వేగం సెకనులో 1/160 వంతు దాటకుండా చూసుకోండి. లోపాలు కూడా చెబుతాను. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) లేదు, నేను చెప్పిన సిగ్మా లెన్సులోనూ లేదు, అందువల్ల చేత్తో నడుస్తూ తీసిన వీడియో ఊగుతుంది. బ్యాటరీ చిన్నది, ఒక పెళ్లికి నాకు మూడు పడతాయి. చార్జింగ్ పిన్ను పాత రకం మైక్రో యూఎస్‌బీ. ఇవేవీ ఫోటోల పనికి అడ్డు కావు.

సోనీని ముందు చెప్పడానికి అసలు కారణం బాడీ కాదు, మౌంట్, అంటే కెమెరాకు లెన్స్ బిగించే చోటు. సోనీ 2011లోనే తన ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలను ఇతర లెన్స్ కంపెనీలకు అందుబాటులోకి తెచ్చింది. ఫలితంగా సిగ్మా, టామ్రాన్, విల్ట్రాక్స్ వంటివారు తక్కువ ధర నుంచి ఎక్కువ ధర వరకు ఎన్నో లెన్సులు చేశారు, అవే సెకండ్ హ్యాండ్‌లోనూ విరివిగా తిరుగుతున్నాయి. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ విషయంలో కథ వేరుగా నడిచింది. ఆటోఫోకస్ ఉన్న బయటి లెన్సులకు చాలాకాలం దారి ఇవ్వలేదు. 2022లో విల్ట్రాక్స్ తన ఆర్ఎఫ్ లెన్సులను ఆపేయవలసి వచ్చింది. 2024లో మాత్రం సిగ్మా, టామ్రాన్‌లకు ఆర్50 వంటి చిన్న సెన్సర్ కెమెరాల కోసం అనుమతి దొరికింది, దానితో సిగ్మా 18-50 ఎఫ్/2.8 వంటి మంచి లెన్స్ ఆర్50కు కూడా వచ్చింది. అందువల్ల 2024కు ముందు అయితే ఆర్50 వద్దని గట్టిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు రెండో స్థానంలో ధైర్యంగా పెడుతున్నాను. తేలికగా ఉంటుంది, ఫోకస్ చాలా బాగుంటుంది, 4కే వీడియో ఏ6400 కంటే మెరుగు.

అయితే ఆర్50లో మీకు నేరుగా తగిలే ఇబ్బంది ఒకటుంది. దాని ఫ్లాష్ షూ కొత్త రకం. పాత ఫ్లాష్‌లు నేరుగా పనిచేయవు, ఏడీ-ఈ1 అనే అడాప్టర్ వేరుగా కొనాలి. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు, మొదటి ఆర్డర్ రోజున తెలుస్తుంది. మరొకటి, 50 ఎం.ఎం. లెన్స్ ఆర్50 చిన్న సెన్సర్ మీద 80 ఎం.ఎం. లెన్స్ లాంటి దగ్గరి చూపునిస్తుంది. ఆరుబయట ఒక్కరి చిత్రానికి అది బంగారం, పది అడుగుల గదిలో మాత్రం వీపు గోడకు తగిలినా ఇద్దరి కంటే ఎక్కువ పట్టరు. ఆ లోటును 18-45తో, ఫ్లాష్‌తో పూడ్చుకోవాలి.

షాపులలో తరచుగా చూపించే మిగిలిన వాటి గురించి త్వరగా చెబుతాను. కెనాన్ ఆర్100 ధర ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ దాని స్క్రీన్ టచ్ కాదు, కదలదు. 4కే వీడియోలో ఫ్రేమ్ బాగా తగ్గిపోతుంది. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండూ వీడియో వాళ్ల కోసం చేసినవి, వాటికి వ్యూఫైండర్ లేదు. మన ఎండలో గోదారి గట్టు మీద స్క్రీన్ చూసి ఫ్రేమ్ పెట్టడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. జెడ్‌వీ-ఈ10 రెండో తరం కెమెరాలో మెకానికల్ షట్టర్‌ను పూర్తిగా తీసేశారు, దానితో ఫ్లాష్ వాడలేరు. 2024లో వచ్చిన కొత్త మోడల్ కదా అని పెళ్లి పని కోసం దాన్ని కొంటే చాలా బాధపడతారు. నికాన్ జెడ్50 రెండో తరం మాత్రం చాలా మంచి కెమెరా, మీ బడ్జెట్‌లో అయితే బాడీకే డబ్బంతా అయిపోతుంది. ఇక సెకండ్ హ్యాండ్‌లో చవకగా కనిపించే కెనాన్ ఎం50 జోలికి వెళ్లకండి. దాని ఈఎఫ్-ఎం మౌంట్‌ను కెనాన్ ముగించేసింది, ఆ లెన్సులు ఆర్ కెమెరాలకు ఏ అడాప్టర్‌తోనూ సరిగా ఎక్కవు.

షట్టర్ మాట వచ్చింది కాబట్టి ఎల్ఈడీ దీపాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. నిశ్శబ్దంగా ఉంటుందని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. ఫంక్షన్ హాల్లో మెకానికల్ షట్టర్ పెట్టుకుని 1/100 దగ్గర, కదలిక లేనప్పుడు 1/50 దగ్గర తీయండి.

మీ పాత లెన్స్ గురించి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆ 50/1.8డీ నికాన్ మిర్రర్‌లెస్ రకమైన జెడ్ కెమెరాలకు బిగుస్తుంది, కానీ ఆటోఫోకస్ పనిచేయదు. ఆ లెన్స్‌లో మోటారు లేదు. కెమెరాలోని మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా దాన్ని తిప్పుతుంది. మీ డీ7000లో ఆ మోటారు ఉంది, అడాప్టర్‌లో లేదు. కాబట్టి ఆ ఒక్క లెన్స్ కోసం నికాన్ జెడ్‌కు వెళ్లనవసరం లేదు. డీ7000ను అమ్మకండి, దానికి వచ్చే డబ్బు చాలా తక్కువ. ఆ కెమెరా, ఆ 50 లెన్స్ ఉంటే ఈ రోజు నుంచే రాత్రి వెలుగులో సాధన మొదలుపెట్టవచ్చు, ఆర్డర్ రోజున రెండో కెమెరాగా సంచిలో ఉంచుకోవచ్చు. ఒకే కెమెరాతో పెళ్లికి వెళ్లడం ఎంత ప్రమాదమో అది ఆగిపోయిన రోజున మాత్రమే తెలుస్తుంది.

చవక కెమెరాలు ఇంత తక్కువ ఎందుకయ్యాయని కూడా మీరు అడిగారు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటికీ 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు వెళ్లాయి, 2023 నాటికి అవి 77 లక్షల దగ్గరకు పడిపోయాయి. ఫోన్లు ఆ అడుగు భాగాన్నంతా తీసేసుకున్నాయి. 2020లో మొదటిసారి మిర్రర్‌లెస్ కెమెరాలు, లోపల అద్దం ఉండే పాత రకం డీఎస్ఎల్ఆర్‌లను సంఖ్యలో దాటాయి. తక్కువ సంఖ్యలో అమ్మేవారు ఒక్కో కెమెరా మీద ఎక్కువ లాభం చూసుకోవాలి కాబట్టి, అందరి దృష్టీ ఖరీదైన మోడళ్ల మీదకు వెళ్లింది. ఈ కారణం చేతనే మొదటి కెమెరాకు సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఇప్పుడు అంత ముఖ్యమైంది.

అందులో మోసపోకుండా ఉండటానికి నేను చేసే పరీక్షలు ఇవి. ఒక్కో పెళ్లికి దాదాపు 2,000 క్లిక్కులు పడతాయి, ముహూర్తాలు ఎక్కువున్న ఏడాది 30 పెళ్లిళ్లు తీసిన కెమెరాకు అరవై వేల క్లిక్కులు తిరిగినట్టే. అందువల్ల పెళ్లి ఫోటోగ్రాఫర్ల కెమెరా కంటే ఇంట్లో వాడుకున్నవారి కెమెరా వెతకండి. సోనీ ఫైళ్లలో షట్టర్ లెక్క దాగి ఉంటుంది, ఒక ఫోటో పెడితే చదివి చెప్పే ఉచిత వెబ్‌సైట్లున్నాయి. తెల్లగోడను ఎఫ్/16 దగ్గర తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూడండి. మూత పెట్టి కొన్ని సెకన్లు ఎక్స్‌పోజర్ ఇచ్చి మెరిసే చుక్కలు చూడండి. స్క్రీన్‌ను పదిసార్లు పైకీ కిందికీ తిప్పండి, లోపలి రిబ్బన్ తీగ తెగబోతుంటే అప్పుడే స్క్రీన్ మినుకుమంటుంది. ఫ్లాష్ పెట్టి వెలిగించి చూడండి. బ్యాటరీని బయటకు తీసి చూడండి, ఉబ్బి ఉంటే వెంటనే తెలుస్తుంది. ఇవన్నీ అయ్యాక, ఒరిజినల్ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు చూడనిదే డబ్బు ఇవ్వకండి. కొత్తది కొన్నా వారంటీ కార్డు భారతదేశానిదేనా అన్నది చూడాలి. ఒకసారి పెద్ద ఊళ్లో ఒక దుకాణంలో ఐదు వేలు తగ్గిందని సంతోషంగా లెన్స్ కొన్నాను. ఏడు నెలలకు ఫోకస్ మోటారు ఆగిపోయింది. తీసుకువెళ్తే అది బయటి దేశానికి పంపిన సరుకని, ఇక్కడ వారంటీ వర్తించదని చెప్పారు. మరమ్మతుకు అయిన ఖర్చు ఆ ఐదు వేలకు రెండింతలు.

లెన్స్ విషయంలో మన డెల్టాలో అన్నింటికంటే పెద్ద శత్రువు ఫంగస్. సెకండ్ హ్యాండ్ లెన్స్ చూసేటప్పుడు సెల్ టార్చి వెలుగును వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి; సాలెగూడు పోగుల్లా, సన్నని వేళ్లలా కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. ఈ విషయంలో నాకు జరిగిన నష్టం చెబుతాను. ఒక ఏడాది వానాకాలంలో పెళ్లిళ్లు లేక నా మూడు లెన్సులను తోలు సంచిలో పెట్టి చెక్క బీరువాలో ఉంచాను. గోదారికి వరద, విడవని ముసురు. రెండు నెలల తరువాత తీస్తే రెండింటిలో ఫంగస్ పట్టేసి ఉంది. ఒకటి శుభ్రం చేయించాను, రెండోదానిలో అద్దం పై పూతనే తినేసింది. ఆ రోజు నుంచి లెన్సులన్నీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, లోపల తేమ చూపే చిన్న మీటరుతో ఉంటున్నాయి. మీటరులో తేమ 40, 50 శాతానికి మధ్య ఉండాలి. 60 దాటితే పొట్లాలను వేడి చేసి ఆరబెట్టాలి లేదా మార్చాలి. ఈ మొత్తానికి వెయ్యి రూపాయలు చాలు, దాన్ని మీ 80 వేలలోనే లెక్కపెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో తీసి వచ్చిన రోజు బాడీని, లెన్స్ బయటి భాగాన్ని కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. ఏసీ కారులోంచి దిగగానే మూత తీయకండి. మిర్రర్‌లెస్‌లో అద్దం ఉండదు కనుక లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. తీర్థంలో ఎర్రదుమ్ము లేస్తున్నప్పుడు మార్చవలసి వస్తే కెమెరా ఆపి, మౌంట్‌ను నేల వైపు తిప్పి మార్చండి.

చివరగా కోరంగి పక్షులు. రెండు లెన్సుల కిట్‌లోని 55-210ను షాపువారు అందుకే చూపించి ఉంటారు. 210 దగ్గర అది ఎఫ్/7.1. మడ చెట్ల నీడలో, పక్షులు చురుకుగా ఉండే ఉదయం ఆరు గంటలకు ఆ లెన్స్‌కు వెలుగు చాలదు, కొమ్మ మీది లకుముకి పిట్టకు దూరమూ చాలదు. దానికోసం ఇప్పుడు డబ్బు పెడితే ఏడాది తిరిగేసరికి అమ్మకానికి పెడతారు. ఆర్డర్ల డబ్బు చేతికి వచ్చాక, సోనీ తీసుకుని ఉంటే 70-350, కెనాన్ తీసుకుని ఉంటే ఆర్ఎఫ్ 100-400 చూడండి. రెండోది ఆర్50 మీద 640 ఎం.ఎం. వరకు చూపునిస్తుంది, బరువు 635 గ్రాములే. అప్పటివరకు కోరంగి చెక్కబాట మీద 30 ఎం.ఎం. లెన్స్‌తో మడవేళ్లను, బురద మీద పడే పొద్దుటి వెలుగును, పడవలను తీయండి. నేను అక్కడ తీసిన వాటిలో స్టూడియో గోడకు తగిలించుకున్నవి అవే.